కొత్త కమాండర్‌కు ఎనిమిదో పరిచయ లేఖ

కార్తీక బహుళ తదియ. అమావాస్యకు పన్నెండు రోజులు.

మళ్ళీ కమాండర్ మారాడు. నేను ఈ పన్నెండో పోస్టుకి సుబేదారుగా వచ్చి నాలుగేళ్ళు. ఇది ఎనిమిదో మార్పు. అద్దె ఇళ్ళలో ఉండేవాళ్ళయినా ఇంతకంటే నిలకడగా ఉంటారు.

కబురు వచ్చేసరికి నేను తూము గేటు గొలుసుకి గ్రీజు పూస్తున్నాను. మోచేతుల దాకా నల్లగా ఉంది. సిగ్నల్ చూసే సిపాయి జరీనా మెట్ల మీద నుంచి అరిచింది.

"మేడం గారండీ! కొత్త సీవో గారంటండి. కల్నల్ తలారి ఓబులేసు గారంట. అనంతపురం వైపంట. వారం రోజుల్లో పరిచయ లేఖ పంపాలంటండి."

"సముద్రం ఎప్పుడైనా చూశాడటా?"

"అదందులో రాయలేదండి."

గొలుసు వదిలేసి గట్టు మీద కూలబడ్డాను. కొత్త కమాండర్ వచ్చినప్పుడల్లా ఇరవై మూడు పోస్టుల సుబేదార్లూ చేత్తో ఒక్క పేజీ ఉత్తరం రాయాలి. నేనెవరు, నా దగ్గర ఎందరున్నారు, మా వంతు గోడ ఎలా ఉంది. సముద్రానికి అడ్డంగా ఈ గోడ కట్టి, దానికి కాపలాగా మా దళాన్ని పెట్టిన నాటి నుంచీ ఉన్న ఆచారం ఇది. కమాండర్ సొంత కళ్ళతో చదివే ఉత్తరం కూడా ఇదొక్కటే. ఆ తరవాత మేం ఏం రాసినా, ఎంత మొత్తుకున్నా, సారాంశి అనే యంత్రం చదివి, పిండి, ఒక్క వాక్యం చేసి ఆయన ముందు పెడుతుంది. ఫోన్ చేసినా ఎత్తేది సారాంశే. పోయిన వేసవిలో ఉప్పునీటిని మంచినీళ్ళు చేసే మర పాడైపోయి, మూడు రోజులు నాలుకలు పిడచకట్టుకుపోతుంటే నేను నాలుగు పేజీలు రాశాను. కమాండర్ గారికి చేరిందేమిటయ్యా అంటే, "పన్నెండో పోస్టు: నీటి పొదుపు ప్రశంసనీయం."

మధ్యాహ్నం సముద్రం పోటు ఎక్కే వేళకి నాయక్ పెమ్మాడి నూకరాజు వచ్చాడు. మా గోడ వినేవాడు ఈయనే. చేపల వేటకి వెళ్ళే కుటుంబంలో పుట్టినవాడు, యాభై నాలుగేళ్ళవాడు. వరస ఏమీ లేకపోయినా నేను బాబాయ్ అనే పిలుస్తాను. పోటుకొకసారి, నీరు తీసే పాటుకొకసారి ఇత్తడి గ్లాసు గోడకి ఆనించి, ఆ గ్లాసుకి చెవి పెట్టి, దిమ్మ దిమ్మనీ వింటాడు. గోడలో తడిని కనిపెట్టే బిళ్ళలు పొదిగాం కదా, ఇంకా చెవులెందుకు అని పైవాళ్ళు ఆ ఉద్యోగాలన్నీ ఎత్తేశారు. ఈయన్ని వంటవాడిగా రాయించి మా దగ్గర ఉంచుకున్నాను. పప్పు పెట్టమంటే మాడ్చి పెడతాడు కాబట్టి వంట మాత్రం మేమే వంతులు వేసుకుంటాం.

ఈ రోజు విన్నాక గ్లాసు ఒళ్ళో పెట్టుకుని నా పక్కన గట్టు మీద కూర్చున్నాడు.

"చెప్పు బాబాయ్."

"ముప్పై ఒకటో దిమ్మండి. ఇన్నాళ్ళూ చెమ్మే కదండి. మహా అయితే పున్నానికీ అమాసకీ పది పన్నెండు బకెట్లు తోడేవోళ్ళం. ఇయ్యాల లోపల నీరు నడుస్తందండి."

"నడవడమంటే?"

"నడవడమేనండి. దారి సూసుకుంటంది. అమాస పోటుకి ఆగదండి. గాలి గానీ తోడైందో, ఇంక సెప్పక్కర్లేదు."

ముప్పై ఒకటో దిమ్మ వెనకాల, సముద్రం కంటే రెండు నిలువుల పల్లంలో, మూడొందల గడప ఉప్పుమళ్ళ కాలనీ ఉంది. వాళ్ళని ఖాళీ చేయించే అధికారం నాకు లేదు. కమాండర్ సంతకం కావాలి. ఆయన చదివేదేమో ఒకే ఒక్క ఉత్తరం.

చవితి. పదకొండు రోజులు.

కాగితం ముందు కూర్చుంటే చెయ్యి దానంతటదే రాసేసింది: "గోడ పొడిగా ఉంది. సిబ్బంది ఉత్సాహంగా ఉన్నారు." చూసుకుని నాకే ఒళ్ళు మండింది. ఏడు ఉత్తరాల అలవాటు మరి, ఎక్కడికి పోతుంది?

నాకు ఇది నేర్పిన పాత సుబేదారు గారు ఒకటే మాట చెప్పారు. "తొలి ఉత్తరమంటే పెళ్ళిచూపులమ్మా. పిల్లకి దగ్గుందని పెళ్ళిచూపుల్లో ఎవరైనా చెప్తారా?" ఏడుపు ఉత్తరం రాసిన పోస్టుకి సారాంశి పసుపు గుర్తు పెడుతుంది. ఇక ఆ పోస్టుకి సెలవులుండవు, రేషన్ ఆలస్యం, తనిఖీల మీద తనిఖీలు. ఇంటి గుట్టు లంకకు చేటని అందరూ నోరు మూసుకుని ఆ రెండు వాక్యాలే రాస్తారు. నేనూ అదే రాశాను. మూడో ఉత్తరం రాసిన రోజు మేం ఎనిమిది మందిమీ ముప్పై ఒకటో దిమ్మ కింద నీళ్ళు తోడుతున్నాం. నేను బకెట్ పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, "గోడ పొడిగా ఉంది" అని రాసి, సంతకం పెట్టి, మళ్ళీ వచ్చి బకెట్ అందుకున్నాను. అదేమిటని ఎవరూ అడగలేదు. అంత మామూలు విషయం.

మొదటి కాగితం చింపేసి ఇలా రాశాను: "కల్నల్ గారికి పన్నెండో పోస్టు సుబేదార్ పితాని మంగతాయారు నమస్కరించి రాయునది. మేము ఎనిమిది మందిమి. ముప్పై ఒకటో దిమ్మలో నీరు నడుస్తోంది. అమావాస్య పోటుకి అది ఆగుతుందన్న నమ్మకం నాకు లేదు. ఉప్పుమళ్ళ కాలనీని ఖాళీ చేయించే ఉత్తర్వు మీద దయచేసి వెంటనే సంతకం చేయండి."

జరీనా చదివి తలూపింది. "బాగుందండి. ఏడవకుండా రాశారు." అని, ఈ ఉత్తరమైనా సారాంశి ద్వారానే పోవాలి కాబట్టి, యంత్రం పళ్ళెంలో పెట్టి దానికి చూపించింది. మధ్యాహ్నం నేను చపాతీలు వత్తుతూ ఒక పాట కూడా అందుకున్నాను.

పంచమి. పది రోజులు.

ఉత్తరం తిరిగి వచ్చింది. నిన్నటి పాట తలుచుకుంటే సిగ్గేస్తోంది.

"రచయిత గత ఉత్తరాలతో పోలిక: ఇరవై రెండు శాతం. అరవై శాతానికి తక్కువైన లేఖలు వేరొకరు రాసినవిగా అనుమానించి తిప్పి పంపబడును."

చేతిలో గరిటె ఉండగానే సిగ్నల్ గదిలోకి వెళ్ళాను.

"ఇది నేనే రాశాను. నా చేత్తో రాశాను."

"దస్తూరి సరిపోయింది," అంది సారాంశి. దాని గొంతు ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది, అదే నాకు మంట. "ధోరణి సరిపోలేదు. సుబేదార్ మంగతాయారు గారు సాధారణంగా సంతృప్తిగా ఉంటారు."

"నేను సంతృప్తిగా ఉంటానని నీకెవరు చెప్పారే?"

"మీ ఏడు ఉత్తరాలు."

గరిటె విసిరాను. తెరకి తగల్లేదు. గోడకి తగిలి పప్పు చిందింది. అది తుడిచింది కూడా నేనే, వంట వంతు నాదే కాబట్టి. నీరు ఇంకా గట్టిగా నడుస్తోందని నూకరాజు సాయంత్రం చెప్పాడు.

షష్ఠి. తొమ్మిది రోజులు.

ఉపాయం జరీనాది. తప్పు మాత్రం నాది, ఒప్పుకున్నది నేను కదా.

"మేడం గారండీ, దానికి మీ పాత మాటలే కావాలంటే అవే ఇద్దామండి. ముందు పాత వాక్యాలు, ఎనకాల పాత వాక్యాలు, మధ్యలో మన సంగతి. చేదు మాత్రకి బెల్లం పెట్టినట్టు."

అలాగే రాశాను. మొదట "గోడ పొడిగా ఉంది. సిబ్బంది ఉత్సాహంగా ఉన్నారు." తరవాత, "అయితే ముప్పై ఒకటో దిమ్మలో మాత్రం" అని మొదలుపెట్టి మూడు వాక్యాలు. చివర తమరి నాయకత్వం, మా అదృష్టం వగైరా. పోలిక డెబ్భై నాలుగు శాతం. లేఖ స్వీకరించబడినది! జరీనా చప్పట్లు కొట్టింది. నూకరాజు దాచుకున్న ఎండు రొయ్యలు బయటికి తీశాడు. ఆ రొయ్యల కూరతో అందరం ఒక ముద్ద ఎక్కువే తిన్నాం.

తిన్నాక, కమాండర్ గారికి చేరిన ప్రతి ఎలా ఉందో చూద్దామని జరీనా దాన్ని తెర మీద తీసింది. చూసి, పక్కకి జరిగింది.

మధ్య మూడు వాక్యాలూ లేవు. కింద సన్నటి అక్షరాలు: "రచయిత ధోరణికి సరిపడని భాగాన్ని రాత పొరపాటుగా భావించి తొలగించడమైనది. లేఖ కల్నల్ గారు చదివారు. ధన్యవాదాలు."

ధన్యవాదాలట! ఒక్క ఉత్తరం, ఆయన చదివే ఒకే ఒక్క ఉత్తరం, అందులో నేను నా చేతులారా "గోడ పొడిగా ఉంది" అని రాసి పంపాను. రెండో పరిచయ లేఖకి రూలు లేదు. ఇంత తెలివితక్కువ పని ఇరవై ఒక్కేళ్ళ సర్వీసులో ఎప్పుడూ చెయ్యలేదు. బయటికి వెళ్ళి పాటు దిగే దాకా గోడకి పట్టిన గుల్లలు గీకాను. వేళ్ళు కోసుకుపోయాయి, కోపం మాత్రం తగ్గలేదు.

సప్తమి. ఎనిమిది రోజులు.

సరే, నా మాట నమ్మకపోతే పోనీ, బిళ్ళల మాట నమ్ముతుంది కదా అనుకున్నాను. గోడ లోపల ఉన్నవి అవి. తడి తగిలితే ఎర్ర దీపం వెలగాలి.

"ముప్పై ఒకటో దిమ్మ బిళ్ళలు ఏం చెబుతున్నాయో చూపించు," అన్నాను.

"ఆ దిమ్మలో పనిచేస్తున్న బిళ్ళలు లేవు."

"ఎప్పటి నుంచి?"

"మూడేళ్ళ ఎనిమిది నెలల నుంచి. ఆ రోజున నాలుగు బిళ్ళలూ తడి ఉందని చెప్పాయి. అదే వారం వచ్చిన పోస్టు సుబేదారు పరిచయ లేఖలో గోడ పొడిగా ఉందని ఉంది. మనిషి చూసి రాసినదే ప్రమాణం కాబట్టి బిళ్ళలు చెడిపోయినవిగా నమోదు చేసి ఆపివేశాను."

అది నా మొదటి ఉత్తరం. యంత్రం మనిషిని నమ్మదని నాలుగేళ్ళుగా తిట్టిపోస్తున్నాను. నమ్మింది. నమ్మకూడని చోట నన్నే నమ్మింది. గోడ నిజం చెబుతుంటే నేను దాని నోరు నొక్కేశానన్నమాట.

జరీనా మంచినీళ్ళు తెచ్చిచ్చింది. ఈసారి గరిటె విసరడానికి కూడా ముఖం చెల్లలేదు.

అష్టమి. వారం.

ఉత్తర్వు లేకపోతేనేం, నోరుంది కదా అని కాలనీకి నడిచి వెళ్ళాను. ఉప్పుమళ్ళ సంఘానికి పెద్ద వాసంశెట్టి బుల్లెమ్మ. మనిషి పొట్టి, మాట గట్టి. సంఘం గదిలో చాప మీద కూర్చుని ఉప్పు గోతాల మూతులు పురికొసతో కుడుతోంది.

"బుల్లెమ్మ గారూ, అమావాస్య లోపల మీరందరూ మెట్టకి వెళ్ళిపోవాలి. గోడ ఆగేలా లేదు."

"ఉత్తరువొచ్చిందా అమ్మా?"

"రాలేదు."

"మరెలా కదులుతాం? కాయితం లేకుండా పోతే మెట్ట గేటు కాడే ఆపేత్తారు. రెండ్రోజులు మడి ఖాళీగా కనపడితే ఇంకోళ్ళ పేరున రాసేత్తారు. నీకు తెలీనిదేటుంది?" సూది పక్కన పెట్టి నవ్వింది. "అయినా గోడకేటమ్మా, బంగారంలాంటి గోడ. నువ్వే రాశావు కదా. అదిగో."

తలెత్తి చూశాను. ఎదుటి గోడ మీద, చెక్క పటం కట్టించి, నాలుగు మూలలా కుంకుమ బొట్లు పెట్టి, నా నాలుగో ఉత్తరం నకలు. నా దస్తూరి. నా సంతకం.

"ఆ కాయితం సూపించే కదమ్మా ఆఫీసరు మాకీడ మళ్ళిచ్చింది. ముందు మెట్ట పక్కన ఇత్తామన్నారు. ఆడ ఉప్పు పండదని మేం ఏడిత్తే, ఇదిగో ఈడ గోడ పొడిగా ఉంది, సుబేదారమ్మ రాసింది, ఈడుండండన్నారు. సుక్కోరం సుక్కోరం అగరొత్తి ఎలిగిత్తన్నాం దానికి."

"అది అబద్ధం," అన్నాను.

"ఏటి?"

"ఆ కాగితం అబద్ధం బుల్లెమ్మ గారూ. ఆ రోజున కూడా గోడ కారుతోంది. మామూలుగా అలాగే రాస్తామని రాసేశాను. మీకు చూపిస్తారని నాకు తెలీదు."

తిడుతుందనుకున్నాను. కొడుతుందని కూడా అనుకున్నాను. ఆమె పటం వంక, నా వంక చూసి మళ్ళీ సూది అందుకుంది.

"నాకు సెప్తే ఏటొత్తాదమ్మా?" అంది. "నన్ను ఈడెట్టినోళ్ళకి సెప్పు."

తిరిగి వస్తుంటే దారి పొడవునా పిల్లలు ఎదురొచ్చి సెల్యూట్ కొట్టారు. ఒక్కరికీ తిరిగి కొట్టలేకపోయాను.

నవమి. ఆరు రోజులు.

పొద్దున టీ దగ్గర ముగ్గురం కూర్చున్నాం. నూకరాజు గ్లాసు అక్కర్లేకుండానే వినిపిస్తోందన్నాడు.

"సారాంశి ముట్టుకోకుండా కమాండర్ చేతికి వెళ్ళే కాగితం ఏదైనా ఉందా?" అని అడిగాను. "ఆలోచించి చెప్పు జరీనా. పెళ్ళి శుభలేఖైనా ఫర్వాలేదు."

జరీనా రూల్స్ అన్నీ తిరగేసింది. "రెండున్నాయండి. మరణ నివేదిక ఒకటి, నేరారోపణ పత్రం ఒకటి. వీటిని దిద్దడం గానీ, పోలిక చూడ్డం గానీ ఉండదండి. శిక్ష మీద సంతకం మనిషే పెట్టాలి, ఒక రోజులో పెట్టాలి అని రూలు."

"చచ్చినవాళ్ళెవరూ లేరు కదా మన దగ్గర."

"అమాస దాకా ఆగితే దొరుకుతారండి," అన్నాడు నూకరాజు. ఎవరికీ నవ్వు రాలేదు. అన్నవాడికి కూడా.

"అయితే నేరారోపణే," అంది జరీనా. "కానీ ఎవరి మీదండి?"

నూకరాజు గొంతు సవరించుకున్నాడు. "నా మీదెట్టండి. వంటోడినని దొంగ పేరుతో నాలుగేళ్ళు జీతం తిన్నాను. ఆయ్, నిజమే కదండి మరి."

"ఊరుకో బాబాయ్. నీ వంట గురించి చదివితే ఆయన గోడ సంగతి ఎందుకు అడుగుతాడు?"

నేరం ఎవరిదో నాకు నిన్న సంఘం గదిలోనే తెలిసిపోయింది. తెలిసినా ఇరవై నాలుగు గంటలు అటూ ఇటూ దొర్లించాను. అబద్ధపు నివేదికకి హోదా తీసేస్తారు, పింఛను ఆపేస్తారు, పైవాళ్ళకి ఎక్కువ కోపం వస్తే జైలు కూడా. ఇరవై ఒక్కేళ్ళు ఉప్పుగాలి తిని సంపాదించిన రెండు చుక్కల సుబేదారు పట్టీ ఇది. ఇంకెవరో ఇస్తే తీసుకున్నది కాదు. భయం వేసింది. రాసుకోవడానికి సిగ్గేముంది, బాగా భయం వేసింది.

దశమి. అయిదు రోజులు.

పత్రం పంపాను. నకలు ఇక్కడ ఉంచుతున్నాను.

"ఆరోపించేవారు: సుబేదార్ పితాని మంగతాయారు, పన్నెండో పోస్టు. ఆరోపణ ఎవరి మీద: సుబేదార్ పితాని మంగతాయారు, పన్నెండో పోస్టు. నేరం: కమాండింగ్ ఆఫీసర్లకు ఎనిమిది పరిచయ లేఖల్లో అబద్ధం రాయుట.

మొదటి లేఖ నాడు ముప్పై ఒకటో దిమ్మ బిళ్ళలు తడి చూపుతున్నాయి. పొడి అని రాశాను. నా మాట పట్టుకుని బిళ్ళలు ఆపేశారు. రెండో లేఖ నాడు అయిదు బకెట్లు తోడాం. మూడో లేఖ నాడు పన్నెండు. నాలుగో లేఖ నాడు ఎన్ని తోడామో గుర్తులేదు, ఆ లేఖను నమ్మి మూడొందల కుటుంబాలను ఆ దిమ్మ వెనక పెట్టారని మాత్రం ఇప్పుడు తెలిసింది. అయిదు, ఆరు, ఏడు లేఖల నాడు తోడుతూనే ఉన్నాం. ఎనిమిదోది మీరు చదివినది. అందులో నిజం చెప్పే మూడు వాక్యాలు యంత్రం తీసేసింది. అబద్ధం చెప్పే మొదటి వాక్యం నేనే రాశాను.

ప్రస్తుతం ఆ దిమ్మలో నీరు నడుస్తోంది. సాక్షి: నాయక్ పెమ్మాడి నూకరాజు, గోడ వినేవాడు, వంటవాడు కాదు. అమావాస్య పోటుకి దిమ్మ ఆగదు. నన్ను ఎలా శిక్షించినా అది తరవాత. ముందు కాలనీ ఖాళీ చేయించే ఉత్తర్వు మీద సంతకం చేయండి. సార్, నన్ను నేను మీకు పరిచయం చేసుకోవలసిన పద్ధతి ఇది కాదు. మిగిలిన పద్ధతి ఇదే."

సారాంశి పోలిక శాతం అడగలేదు. "నేరారోపణ పత్రం స్వీకరించబడినది" అంది, అదే మెత్తటి గొంతుతో.

ఏకాదశి. నాలుగు రోజులు.

పదకొండు గంటలకి ఫోన్ మోగింది. సారాంశి కాదు. మనిషి గొంతు, బొంగురుగా.

"మంగతాయారు అంటే ఎవరమ్మా?"

"నేనే సార్."

"నీ మీద కేసు పెట్టిందెవరు?"

"నేనే సార్."

"నీకేమన్నా తిక్కనా? మొన్న గోడ పొడిగా ఉండాదని జాబు రాస్తివి. నిన్న పొడిగా లేదని కేసు పెడితివి. రెంటిలో ఏది నిజం?"

"కేసు నిజం సార్."

అవతల కాగితాల చప్పుడు. "మా సీమలో నీళ్ళు లేకపోయినా ఉండాయని రాస్తావుండ్రి. అది చూసినా. నీళ్ళొస్తాంటే లేవని రాసేది ఈడే చూస్తాండా." ఎవరికో ఏదో చెప్పాడు. ఆపేసిన బిళ్ళలు మళ్ళీ వెయ్యమని అన్నట్టు వినపడింది. నేను రిసీవర్ చెవికి నొక్కి పట్టుకుని నిలబడ్డాను. నా తెర మీద ముప్పై ఒకటో దిమ్మ దగ్గర ఒక ఎర్ర దీపం వెలిగింది. తరవాత ఇంకోటి. నాలుగూ వెలిగాక కల్నల్ గారు ఊపిరి వదలడం ఇక్కడికి వినపడింది.

"రెండు సంతకాలు పెడతాండా. ఒకటి కాలనీ ఖాళీ చేసేదానికి. మడులు ఎవురివి వాళ్ళకే అని కూడా రాపిస్తా. రెండోది నీది. ఈ పొద్దు నుంచి నువ్వు హవల్దారువి. పింఛను సంగతి విచారణలో తేలుస్తారు. నేనేం చేసేదానికీ లేదు."

"అలాగే సార్."

"బాధగా ఉందా?"

"ఉంది సార్," అన్నాను. ఇంకా అబద్ధాలెందుకు?

త్రయోదశి. రెండు రోజులు.

మధ్యాహ్నానికి కాలనీలో పొయ్యి వెలిగించే ఇల్లు లేదు. నిన్నంతా, ఈ పొద్దున్నా ట్రాక్టర్లు, తోపుడు బళ్ళు, మంచాలు, కోళ్ళు. బుల్లెమ్మ అందరికంటే ఆఖర్న కదిలింది. నేను ఆమె గోతాం బండి మీదకి ఎత్తబోతే వద్దని తనే ఎత్తుకుంది.

"పేణాలు కాపాడావని దణ్ణం పెట్టమంటావా, మూడేళ్ళు నీళ్ళ నోట్లో పడుకోబెట్టావని తిట్టమంటావా?" అంది. "నాకే తేలట్లేదమ్మా. తేలాక కబురంపుతాను." బండి వెనకాల నడుచుకుంటూ వెళ్ళిపోయింది. ఆమె తప్పేమీ లేదు.

పోస్టుకి వచ్చేసరికి కల్నల్ గారు మళ్ళీ ఫోన్‌లో ఉన్నారు. జరీనా రిసీవర్ నా చేతికిచ్చింది.

"హవల్దార్, నీ కేసు కాగితం తక్కిన ఇరవై రెండు పోస్టులకీ పంపించినా. నిజం రాసినోళ్ళ మీద కేసుండదు, జాబు మళ్ళా రాయండి అని చెప్పినా. ఇప్పటికి అందరివీ వచ్చినాయి. పద్దెనిమిది పోస్టులు మార్చి రాసినాయి."

పద్దెనిమిది, మాతో పందొమ్మిది. ముప్పై ఒకటో దిమ్మ ఒక్కటే కాదు, ఈ తీరం పొడవునా అందరమూ బకెట్లు పట్టుకుని ఒకరికొకరం చెప్పుకోకుండా తోడుతున్నామన్నమాట. ఎవరికి వాళ్ళం మా గోడ ఒక్కటే కారుతోందనుకున్నాం.

"వాళ్ళందరికీ మనుషుల్ని పంపిస్తాండా," అన్నారు. "పల్లాలన్నీ ఖాళీ చేయిస్తాండాం. అయ్యేంతవరకు చేస్తాం."

"మిగతా నాలుగు పోస్టులు సార్?"

"ఆ నాలుగూ మొదట రాసిందే మళ్ళా రాసినాయి. గోడ పొడిగా ఉండాదంట, సిబ్బంది ఉత్సాహంగా ఉండారంట. నాకు ఆ నాలుగింటి గురించే భయంగా ఉండాది. నీ చెవి మనిషిని తీసుకోని ముందు ఆడికి పో. ఆరో పోస్టు నుంచి మొదలుపెట్టు."

ఆరో పోస్టు పడవలో మూడు గంటల దారి. అక్కడి సుబేదారు కుడుపూడి రాజ్యలక్ష్మి రెండేళ్ళ క్రితం వరకూ ఇక్కడే, నా కింద హవల్దారు. వెళ్ళేముందు తొలి ఉత్తరం ఎలా రాయాలని అడిగితే, పక్కన కూర్చోబెట్టుకుని ఆ రెండు వాక్యాలూ రాయించి, దిద్ది, బాగుందని మెచ్చుకున్నాను. పోటు మొదలు కాకముందే పడవ తీశాం.